‘ఈసారి పార్టీ చూడకండి’ అని అడిగితే? విశాఖ ఓటర్లు తరచుగా అడిగే ప్రశ్నలు

ఓటరు నమోదు క్యాంపుల్లో కూర్చునే నాలాంటి వాళ్లను జనం అడిగేది ఫారాల గురించి మాత్రమే కాదు. "మా వాళ్లు ఈసారి వేరే గుర్తుకు వేయమంటున్నారండీ, వేయొచ్చా?" అనే ప్రశ్న ప్రతి ఎన్నికకూ వస్తుంది. వన్‌టౌన్‌లో అడిగినదే గాజువాకలో అడుగుతారు, అదే మధురవాడలోనూ అడుగుతారు. అందుకని జవాబులన్నీ ఒకచోట రాసిపెట్టాను. దేనికది విడిగా చదువుకోవచ్చు. ఎవరికి ఓటేయాలన్నది మాత్రం ఇందులో ఉండదు. ఎవరో చెప్పారని భయంతోనో మొహమాటంతోనో మీ ఓటు మారిపోకూడదన్నదే నా తపన.

## మొదటి అనుమానాలు

క్రాస్ ఓటింగ్, ఫిరాయింపు, వెన్నుపోటు... ఇవన్నీ ఒకటేనా?

కాదు. మీరు ఎప్పుడూ వేసే పార్టీని పక్కనపెట్టి మరో పార్టీకి వేసినా, ఎంపీకి ఒక గుర్తు, ఎమ్మెల్యేకి ఇంకో గుర్తు నొక్కినా దాన్ని క్రాస్ ఓటింగ్ అంటున్నారు. ఫిరాయింపు అనే మాట గెలిచిన ప్రజాప్రతినిధికి వర్తిస్తుంది. 1985లో రాజ్యాంగంలో చేర్చిన పదో షెడ్యూల్ ఎంపీలకు, ఎమ్మెల్యేలకు, ఎమ్మెల్సీలకు ఉద్దేశించింది. మామూలు ఓటరుకు విప్ (ఇలాగే ఓటేయాలన్న పార్టీ ఆదేశం) లేదు, అనర్హత లేదు. మీ ఓటుకు వెన్నుపోటు అనే పేరు పెట్టే హక్కు ఏ పార్టీకీ లేదు.

ఇలా అడిగేది ఎవరు? పార్టీలేనా?

పార్టీలు ఒక్కటే కాదు. పొత్తులో ఉన్న పార్టీ "మా అభ్యర్థి ఇక్కడ లేరు, మిత్రపక్షానికి వేయండి" అంటుంది. టికెట్ రాని నాయకుడి వర్గం లోపాయికారీగా "ఈసారి మనవాడు కాదు" అంటుంది. కార్మిక సంఘం ఒక సమస్య చూపించి అడుగుతుంది. కులసంఘం ఆత్మీయ సమావేశం పెట్టి, భోజనాలయ్యాక అడుగుతుంది. ఇంకొందరు "పార్టీ ఏదైనా మనిషి మంచివాడు" అంటూ వస్తారు. అందరి నోటా ఒకే మాట వినిపించినా ఎవరి అవసరం వాళ్లది.

విశాఖలో నిజంగా ఇలా జరిగిందా, లేక టీవీల్లో చెప్పే కబుర్లా?

జరిగింది. అంకెలే చెబుతాయి. 2019లో నగరంలోని నాలుగు అసెంబ్లీ సీట్లు, అంటే తూర్పు, పశ్చిమ, ఉత్తర, దక్షిణ, నాలుగూ టీడీపీ గెలిచింది. అదే రోజు, అదే బూత్‌లలో జరిగిన లోక్‌సభ ఎన్నికలో మాత్రం వైసీపీ అభ్యర్థి ఎం.వి.వి. సత్యనారాయణ 4,414 ఓట్ల తేడాతో టీడీపీ అభ్యర్థి శ్రీభరత్‌పై గెలిచారు. విశాఖ లోక్‌సభ కింద భీమిలి, గాజువాక, శృంగవరపుకోట కూడా వస్తాయి. ఆ మూడూ వైసీపీ గెలిచింది కాబట్టి కొంత తేడా అక్కడి నుంచి వచ్చిందనుకోవచ్చు. కానీ అసలు విషయం మూడో స్థానంలో ఉంది.

జనసేన తరఫున లోక్‌సభకు నిలబడిన మాజీ సీబీఐ అధికారి వి.వి. లక్ష్మీనారాయణకు 2.88 లక్షలకు పైగా ఓట్లు పడ్డాయి. ఈ ఏడు సెగ్మెంట్లలో జనసేన అసెంబ్లీ అభ్యర్థులకు వచ్చిన ఓట్లన్నీ కలిపినా అన్ని కావు. అంటే ఎంపీ ఓటుకు తెల్ల బ్యాలెట్‌పై జనసేన గుర్తు గాజు గ్లాసు నొక్కి, ఎమ్మెల్యే ఓటుకు గులాబీ బ్యాలెట్‌పై వేరే గుర్తు నొక్కినవాళ్లు వేలల్లో ఉన్నారు. వాళ్లలో ఎక్కువమందికి ఏ సంఘమూ పిలుపు ఇవ్వలేదు. మనిషిని చూసి వేశామని చాలామంది నాతోనే అన్నారు. 4,414 ఓట్లతో తేలిపోయిన సీటులో అలాంటి ఓట్లకు ఎంత బరువుందో మీరే ఊహించండి.

"ఓటు చీలనివ్వకండి" అని భయపెడతారు. చీలితే నిజంగా అంత నష్టమా?

మన పద్ధతిలో అందరికంటే ఒక్క ఓటు ఎక్కువ వచ్చినవాళ్లే గెలుస్తారు. సగం ఓట్లు రావాలన్న నియమం లేదు. గాజువాకలో 2019లో వైసీపీ అభ్యర్థి తిప్పల నాగిరెడ్డి జనసేన అధినేత పవన్ కల్యాణ్‌పై 16,753 ఓట్లతో గెలిచారు. మూడో స్థానంలో ఉన్న టీడీపీ అభ్యర్థి పల్లా శ్రీనివాసరావుకు 56 వేలకు పైగా పడ్డాయి. 2024లో ఆ రెండు పార్టీలూ కలిసి పోటీ చేస్తే అదే పల్లా శ్రీనివాసరావు 95,235 ఓట్ల ఆధిక్యంతో గెలిచారు.

అలాగని ఇద్దరి ఓట్లు కలిపేస్తే గెలుపు అనుకోవద్దు. ఐదేళ్లలో గాలి కూడా మారింది. పొత్తు నచ్చక ఇంట్లో కూర్చునేవాళ్లుంటారు, కోపంతో అవతలి పక్షానికి వేసేవాళ్లూ ఉంటారు. "చీలిక" అని ఎవరైనా అంటే మీ నియోజకవర్గంలో పోయినసారి మొదటి ముగ్గురికి ఎన్నెన్ని వచ్చాయో చూడండి. మూడో అభ్యర్థి ఓట్లు ఇద్దరి మధ్య తేడాకంటే తక్కువైతే ఆ భయానికి బలం లేనట్టే.

పెద్ద నాయకులే సొంత పార్టీ అభ్యర్థిని కాదనమన్న సందర్భం ఉందా?

ఉంది, అది కూడా మన తెలుగువాళ్ల చుట్టూ జరిగింది. 1969 రాష్ట్రపతి ఎన్నికలో కాంగ్రెస్ అధికారిక అభ్యర్థి నీలం సంజీవరెడ్డి. స్వతంత్రుడిగా నిలబడింది వి.వి. గిరి. ప్రధాని ఇందిరాగాంధీ తమ పార్టీ సభ్యులను ఆత్మప్రబోధం ప్రకారం ఓటేయమన్నారు. ఆ ఎన్నికలో అభ్యర్థులకు 1, 2 అని ఇష్టాల వరుస వేస్తారు. మొదటి ప్రాధాన్య ఓట్లతో ఎవరికీ కోటా, అంటే గెలుపుకు కావాల్సినన్ని ఓట్లు, రాలేదు. రెండో ప్రాధాన్య ఓట్లు లెక్కపెట్టాక గిరి గెలిచారు. ఆ ఏడాదే కాంగ్రెస్ రెండుగా చీలింది. ఎనిమిదేళ్ల తర్వాత, 1977లో, సంజీవరెడ్డి పోటీ లేకుండా రాష్ట్రపతి అయ్యారు.

## పిలుపు మీదాకా వచ్చినప్పుడు

పొత్తు పెట్టుకున్నది నాయకులు. నేనెందుకు వేరే గుర్తుకు వేయాలి?

వేయాల్సిన పని లేదు. పొత్తు రెండు పార్టీల మధ్య ఒప్పందం. అందులో మీ సంతకం లేదు. నాయకులు చెప్పే "పొత్తు ధర్మం" కార్యకర్తలకు. ఓటరుకు అది విన్నపం మాత్రమే. మీకు ఆ మిత్రపక్షం అభ్యర్థి నచ్చితే వేయండి. మీ పార్టీ అధికారంలోకి రావడమే మీకు ముఖ్యమైతే, ఆ సీటు దానికి ఎంత అవసరమో ఆలోచించుకుని వేయండి. రెండూ కాకపోతే వేరే అభ్యర్థులు ఉన్నారు.

ఉక్కు ఉద్యమం కోసం పార్టీ దాటి ఓటేయమన్నారు. అది న్యాయమైన పిలుపేనా?

ఒక సమస్య మీద ఓటు అడగడంలో తప్పేమీ లేదు. విశాఖ ఉక్కు విషయంలో అది ఇంకా సహజం. 2021 జనవరి 27న కేంద్రం ప్లాంటులో పెట్టుబడుల ఉపసంహరణకు నిర్ణయం తీసుకున్నాక కూర్మన్నపాలెం దీక్షా శిబిరంలో వేర్వేరు పార్టీల అనుబంధ సంఘాలు ఒకే టెంటు కింద కూర్చున్నాయి. జెండా వేరైనా బాధ ఒకటే అని అక్కడ కళ్లారా చూశాం. 32 మంది ప్రాణాలిచ్చి తెచ్చుకున్న ప్లాంటు అన్న మాట ఈ ఊళ్లో చిన్న పిల్లలకు కూడా తెలుసు.

కానీ అడిగేవాళ్లను మీరూ తిరిగి అడగాలి. ఈ అభ్యర్థి ఏమని హామీ ఇచ్చారు? అది ఎంపీ చేయగలిగిందా, ఎమ్మెల్యే చేయగలిగిందా? ఉక్కు ప్లాంటు కేంద్ర ప్రభుత్వ సంస్థ. దాని భవిష్యత్తు మీద పార్లమెంటులో ప్రశ్నించగలిగేది ఎంపీ. అప్పటి ఉత్తర ఎమ్మెల్యే గంటా శ్రీనివాసరావు ప్రైవేటీకరణకు నిరసనగా 2021 ఫిబ్రవరిలో రాజీనామా ఇస్తే, దాన్ని ఆమోదించింది 2024 జనవరిలో! ఏ పదవితో ఏ పని అవుతుందో తేల్చుకున్నాకే ఆ సమస్య పేరు మీద ఓటు మార్చుకోండి.

మా పేటలో పెద్దలు అందర్నీ కూర్చోబెట్టి అమ్మవారి మీద ఒట్టు వేయించారు. ఇప్పుడు మాట తప్పొచ్చా?

ఈ ప్రశ్న అడిగేటప్పుడు ఆడవాళ్ల గొంతు వణకడం నేను చూశాను. అందుకని కొంచెం వివరంగా చెబుతాను. కనకమహాలక్ష్మి అమ్మవారి మీదైనా, సింహాద్రి అప్పన్న మీదైనా, ఓటు కోసం ఒట్టు వేయించుకోవడమే తప్పు. ఓటేయకపోతే దేవుడికి కోపం వస్తుందని నమ్మించడాన్ని, కులం నుంచి వెలి వేస్తామనడాన్ని ప్రజాప్రాతినిధ్య చట్టం 123వ సెక్షన్ అనుచిత ప్రభావం అంటుంది. అభ్యర్థి గానీ, ఆయన ఏజెంటు గానీ, వాళ్ల సమ్మతితో ఇంకెవరైనా గానీ ఇలా చేసినట్టు కోర్టులో రుజువైతే ఆ ఎన్నికే రద్దు కావచ్చు. భారతీయ న్యాయ సంహిత కింద ఇది నేరం కూడా.

పెద్దల మీద గౌరవం ఉంటే ఉండనివ్వండి. "వింటాం బాబూ" అని చెప్పి రండి. బూత్‌లో అట్టల చాటున మీరొక్కరే ఉంటారు. బలవంతంగా వేయించుకున్న ఒట్టు మీ మనసును ఎందుకు కట్టేయాలి?

మన కులం వాడు, పార్టీ ఏదైతేనేం అంటున్నారు. అలా అడగొచ్చా?

చట్టం ఒప్పుకోదు. మతం, కులం, జాతి, భాష పేరుతో ఓటు అడగడం అవినీతి పద్ధతుల కిందికి వస్తుంది. అభ్యర్థి కులమే కాదు, ఓటరు కులం ఎత్తి అడిగినా అంతేనని 2017 జనవరిలో సుప్రీంకోర్టు ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం మెజారిటీ తీర్పులో చెప్పింది. మన దగ్గర ఇది ఎంత బాహాటంగా జరుగుతుందో అందరికీ తెలుసు. అది చూసినప్పుడల్లా నాకు బాధే.

అపార్ట్‌మెంట్ అసోసియేషన్ తీర్మానం చేసింది. కట్టుబడాలా?

అక్కర్లేదు. నీళ్ల ట్యాంకర్లు, మెయింటెనెన్స్, లిఫ్టు గురించి అసోసియేషన్ తీర్మానం చేసుకోవచ్చు. మీ ఓటు దాని పరిధిలో లేదు.

"ఎంపీకి మాకు వేయండి, ఎమ్మెల్యేకి మీ వాళ్లకు వేస్తాం" అని ఇచ్చిపుచ్చుకోవచ్చా?

మాట వరకు అనుకోవచ్చు. కానీ అవతలివాళ్లు నిలబెట్టుకున్నారో లేదో చూసే మార్గం లేదు, ఓటు రహస్యం కాబట్టి. ఇలాంటి బేరాల్లో మోసపోయేది ఎక్కువగా నమ్మకంగా వేసినవాళ్లే. దీనికోసం డబ్బు చేతులు మారితే మాత్రం అది లంచం.

డబ్బు ఒకరి దగ్గర తీసుకుని ఓటు ఇంకొకరికి వేస్తే తప్పేంటి?

తీసుకోవడమే నేరం. ఇచ్చినవాళ్లకు, పుచ్చుకున్నవాళ్లకు ఇద్దరికీ ఏడాది వరకు జైలు గానీ, జరిమానా గానీ, రెండూ గానీ పడొచ్చు. "వాళ్ల సొమ్ము తిని వాళ్లను ఓడించాం" అని కొందరు గొప్పగా చెప్పుకుంటారు. నాకు అది గొప్పగా అనిపించదు. ఒకసారి తీసుకుంటే వచ్చే ఎన్నికకు మీ ఇంటి తలుపు కొట్టేవాళ్లకు లెక్క తెలిసిపోతుంది. ఇప్పటికే తీసుకుని టెన్షన్ పడుతున్నవాళ్లకు ఒక మాట: ఆ డబ్బు వల్ల మీ ఓటు మీద ఎవరికీ హక్కు రాదు.

వాళ్లు చెప్పినవాళ్లకు వేయకపోతే పింఛను ఆపేస్తామంటున్నారు. ఏం చేయాలి?

మొదట భయం వదలండి. మీ ఓటు ఎటు పడిందో ఆ మనిషికి తెలిసే దారి లేదు. అలా బెదిరించడం నేరం. ఓటరు హెల్ప్‌లైన్ 1950 నంబరుకు ఫోన్ చేసి చెప్పొచ్చు. ఎన్నికల కోడ్ అమల్లో ఉన్నప్పుడైతే సీ-విజిల్ యాప్‌లో ఫొటో గానీ, వీడియో గానీ, మాటల రికార్డింగ్ గానీ పెట్టొచ్చు. మీ పేరు బయటపెట్టకుండా కూడా ఫిర్యాదు చేసే వీలుంది.

## మీరే పిలుపు ఇవ్వాలనుకుంటే

మా కాలనీ వాళ్లం కలిసి కరపత్రం వేద్దామనుకుంటున్నాం. ఏం చూసుకోవాలి?

ముద్రించిన ప్రెస్ పేరు, చిరునామా, ప్రచురించినవాళ్ల పేరు, చిరునామా కరపత్రం మీద ఉండాలి. ఇది ప్రజాప్రాతినిధ్య చట్టం 127ఏ సెక్షన్. "ఫలానా వారికి వేయొద్దు" అని మాత్రమే రాసినా ఇది వర్తిస్తుంది. తప్పితే ఆరు నెలల వరకు జైలు, 2,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. పేరు లేని కరపత్రం మీ గేటు దగ్గర కనిపిస్తే దాన్ని నమ్మకపోవడానికి ఆ ఒక్క కారణం చాలు.

మా సొంత డబ్బుతో ఒక అభ్యర్థికి సభ పెట్టొచ్చా?

ఆ అభ్యర్థి రాతపూర్వక అనుమతి లేకుండా పెట్టకూడదు. అనుమతి లేకుండా ఒకరి గెలుపు కోసం సభలకు, ప్రకటనలకు ఖర్చు చేస్తే భారతీయ న్యాయ సంహిత 176 ప్రకారం 10,000 రూపాయల వరకు జరిమానా ఉంది. అనుమతి తీసుకుంటే ఆ ఖర్చు అభ్యర్థి లెక్కలో చేరుతుంది. 2022లో పెంచిన పరిమితి ప్రకారం మన రాష్ట్రంలో లోక్‌సభ అభ్యర్థికి 95 లక్షలు, అసెంబ్లీ అభ్యర్థికి 40 లక్షలు. మంచి మనసుతో పెట్టిన సభ ఆ అభ్యర్థికే చిక్కు తెచ్చిపెట్టకూడదు కదా.

నాకు పార్టీ సభ్యత్వం ఉంది. వేరే పార్టీకి వేస్తే కార్డు, బీమా పోతాయా?

వేసినందుకు పోవు. వేసిన సంగతి ఎవరికీ తెలియదు. కానీ బహిరంగంగా వేరే పార్టీకి ప్రచారం చేస్తే మీ పార్టీ నిబంధనల ప్రకారం సస్పెండ్ చేయొచ్చు, సభ్యత్వం తీసేయొచ్చు. సభ్యత్వంతో ముడిపడిన ప్రమాద బీమా దాంతోపాటే పోవచ్చు. ఇది పార్టీ లోపలి క్రమశిక్షణ. పోలీసులకు, కోర్టులకు సంబంధం లేదు.

నేను ప్రభుత్వ ఉద్యోగిని. స్నేహితులకు చెప్పొచ్చా?

ఓటు మీ హక్కు. ప్రచారం మాత్రం చేయకూడదు. ఎవరికి వేయబోతున్నారో సూచనగా చెప్పడం కూడా ప్రవర్తనా నియమాలకు విరుద్ధం. వాట్సాప్ గ్రూపులో ఒక పోస్టు ఫార్వర్డ్ చేసి చిక్కుల్లో పడినవాళ్లున్నారు. ఉక్కు, పోర్టు, షిప్‌యార్డు లాంటి సంస్థల్లో పనిచేసేవాళ్లు తమ సంస్థ నిబంధనలు విడిగా చూసుకోవాలి.

ఆఖరి రెండు రోజుల్లో పిలుపు ఇవ్వొచ్చా?

పోలింగ్ ముగియడానికి ముందు 48 గంటలు సభలు, ఊరేగింపులు, టీవీ ప్రచారం నిషేధం. మూకుమ్మడి ఎస్సెమ్మెస్‌లు కూడా కుదరవు. బయటి నియోజకవర్గం నుంచి వచ్చిన నాయకులు వెళ్లిపోవాలి. పోలింగ్ రోజున బూత్‌కు 100 మీటర్ల లోపల ఓటు అడగడం నేరం.

## పోలింగ్ రోజు

రెండు మిషన్లు ఉంటాయి కదా. రెండింట్లో వేర్వేరు గుర్తులు నొక్కితే ఓటు చెల్లుతుందా?

నిక్షేపంగా చెల్లుతుంది. అవి రెండు విడి ఎన్నికలు. మన రాష్ట్రంలో లోక్‌సభ, అసెంబ్లీ ఒకేరోజు జరుగుతాయి కాబట్టి ముందు పార్లమెంటు ఓటు, తర్వాత అసెంబ్లీ ఓటు వేయిస్తారు. తెల్ల కాగితం ఉన్నది ఎంపీకి, గులాబీ రంగుది ఎమ్మెల్యేకి. ఒక మిషన్‌లో నొక్కింది రెండో మిషన్‌కు తెలియదు.

నా గుర్తు మిషన్ మీద కనిపించకపోతే?

కంగారు పడకండి. పొత్తులున్నప్పుడు ఇది మామూలే. 2024 మే 13న విశాఖలో లోక్‌సభకు టీడీపీ, జనసేన, బీజేపీ కూటమి అభ్యర్థి గుర్తు సైకిల్. అసెంబ్లీకి వచ్చేసరికి దక్షిణలో గాజు గ్లాసు, ఉత్తరలో కమలం. మా మావయ్య వన్‌టౌన్‌లో ఉంటారు. జీవితమంతా సైకిల్ నొక్కిన మనిషి. గులాబీ మిషన్ ముందు నిలబడి పైనుంచి కిందికి, కిందినుంచి పైకి వెతికారట. లోపలి అధికారి "ఎంతసేపు బాబాయ్" అని కేకేసేదాకా కదల్లేదు. మేం ఇంట్లో ముందే కూర్చోబెట్టి చెప్పి ఉండాల్సింది. ఆ తప్పు మాది.

మిషన్ మీద పార్టీ పేరు ఉండదు. అభ్యర్థి పేరు, ఫొటో, గుర్తు మాత్రమే ఉంటాయి. మీరు వేయదలచుకున్న ఇద్దరి పేర్లూ ముందే తెలుసుకుని వెళ్లండి. ఇంకో జాగ్రత్త: ఆ ఎన్నికల్లో గాజు గ్లాసు ఫ్రీ సింబల్స్‌లో (ఏ ఒక్క పార్టీకీ రిజర్వు చేయని గుర్తుల్లో) ఉండటంతో జనసేన పోటీలో లేని కొన్నిచోట్ల స్వతంత్రులకు వెళ్లింది. గుర్తుతోపాటు ఫొటో కూడా చూడాలనేది అందుకే.

నేను నొక్కిన గుర్తే పడిందని ఎలా తెలుస్తుంది?

పక్కనే ఉన్న వీవీప్యాట్ అద్దంలో చీటీ ఏడు సెకన్లు కనిపిస్తుంది. గుర్తు, పేరు, సంఖ్య చూసుకోండి. తర్వాత అది పెట్టెలో పడిపోతుంది, చేతికి రాదు.

వాళ్లకే వేశానని ఫొటో తీసి పంపమంటున్నారు.

పంపకండి. బూత్ లోపలికి ఫోన్ తీసుకెళ్లకూడదు. ఓటు రహస్యాన్ని కాపాడే నిబంధన పాటించకపోతే ఓటేయనివ్వకుండా వెనక్కి పంపే అధికారం ప్రిసైడింగ్ అధికారికి ఉంది. ఫొటో అడిగే సంఘం మిమ్మల్ని నమ్మడం లేదని అర్థం. అలాంటి వాళ్ల మాటను మీరెందుకు నమ్మాలి?

వీళ్లెవరూ వద్దు, నోటా నొక్కితే?

నొక్కొచ్చు. సుప్రీంకోర్టు తీర్పుతో 2013లో వచ్చింది. కానీ నోటాకు ఎన్ని పడినా, మిగిలిన అభ్యర్థుల్లో ఎక్కువ వచ్చినవారే గెలుస్తారు.

## ఎమ్మెల్సీ, మేయర్, రాజ్యసభ

పట్టభద్రుల ఎమ్మెల్సీకి రెండో ఓటు వేరే పార్టీకి వేయమన్నారు. నా మొదటి ఓటు దెబ్బతింటుందా?

దెబ్బతినదు. అక్కడ మీ ఓటు ఒకటే. అంకెలు మీ ఇష్టాల వరుసను చెబుతాయి. 1 వేసిన అభ్యర్థి లెక్కింపులో ఉన్నంతకాలం మీ ఓటు ఆయన దగ్గరే ఉంటుంది. ఆయన తక్కువ ఓట్లతో తప్పుకోవాల్సి వస్తే అప్పుడు 2 వేసినవారికి వెళుతుంది.

2023 మార్చిలో ఉత్తరాంధ్ర పట్టభద్రుల ఎన్నిక దీనికి మంచి ఉదాహరణ. టీడీపీ, అలాగే వామపక్షాలు బలపరిచిన ప్రోగ్రెసివ్ డెమొక్రటిక్ ఫ్రంట్ (పీడీఎఫ్) పరస్పరం రెండో ప్రాధాన్యం వేయమని తమ ఓటర్లను అడిగాయి. టీడీపీ అభ్యర్థి వేపాడ చిరంజీవిరావు మొదటి ప్రాధాన్యంలో ముందున్నా కోటా చేరలేదు. పీడీఎఫ్ అభ్యర్థి తప్పుకున్నాక ఆ ఓట్లలోని రెండో ప్రాధాన్యాలతో గెలిచారు. పార్టీ దాటమనే పిలుపుల్లో నాకు అన్నిటికంటే నిజాయతీగా అనిపించేది ఇదే. మనసుకు నచ్చినవారిని వదులుకోమని అందులో ఎవరూ అడగరు.

జాగ్రత్తలు: 1 తప్పకుండా ఉండాలి. టిక్కు పెడితే చెల్లదు. పోలింగ్ సిబ్బంది ఇచ్చిన ఊదారంగు పెన్నే వాడాలి. ఎంత చదువుకున్నవాళ్ల బ్యాలెట్లు కూడా ఇక్కడ మురిగిపోతుంటాయి!

మేం ఒక పార్టీ కార్పొరేటర్‌ను గెలిపిస్తే మేయర్ ఇంకో పార్టీ ఎలా అయ్యారు?

మేయర్‌ను మనం నేరుగా ఎన్నుకోం. 2021 మార్చిలో గ్రేటర్ విశాఖ మున్సిపల్ కార్పొరేషన్ (జీవీఎంసీ) 98 వార్డుల్లో వైసీపీ 58 గెలిచి గొలగాని హరి వెంకట కుమారిని మేయర్‌ను చేసింది. 2024 తర్వాత పలువురు కార్పొరేటర్లు కూటమి వైపు వెళ్లారు. 2025 ఏప్రిల్ 19న అవిశ్వాస తీర్మానం 74 ఓట్లతో నెగ్గింది. కొన్ని రోజులకే పీలా శ్రీనివాసరావు మేయర్ అయ్యారు. ఇది ఓటరు చేసే క్రాస్ ఓటింగ్ కాదు. మీరు వేసిన ఓటును మీ ప్రతినిధి వేరేచోటికి మోసుకెళ్లడం. ఆ రెంటినీ ఒకే గాటన కట్టొద్దు.

ఎమ్మెల్యేలు మాత్రం క్రాస్ ఓటింగ్ చేస్తే ఎందుకు శిక్షిస్తారు?

2023 మార్చి 23న ఎమ్మెల్యే కోటా ఎమ్మెల్సీ ఎన్నికలో టీడీపీ అభ్యర్థి పంచుమర్తి అనురాధ 23 ఓట్లతో గెలిచారు. ఆ ఎన్నిక రహస్య ఓటు అయినా, క్రాస్ ఓటు వేశారంటూ వైసీపీ నలుగురు ఎమ్మెల్యేలను సస్పెండ్ చేసింది. రాజ్యసభ ఎన్నికలో అయితే 2003 నుంచి బహిరంగ ఓటు. ఎమ్మెల్యే తన బ్యాలెట్‌ను పార్టీ ఏజెంటుకు చూపించాలి. ఆయన పార్టీ గుర్తు మీద గెలిచారు, జవాబు చెప్పాలి. మీరు ఎవరికీ చెప్పక్కర్లేదు.

అమెరికాలో మా అమ్మాయి కూడా ఇలాంటివే చెబుతోంది. అక్కడా ఉందా?

ఉంది. 2019 డిసెంబరులో కొందరు రిపబ్లికన్లే ట్రంప్‌ను ఓడించమంటూ లింకన్ ప్రాజెక్ట్ అనే సంస్థ పెట్టారు. 2024లో రిపబ్లికన్ నాయకురాలు లిజ్ చెనీ డెమొక్రాట్ కమలా హారిస్ తరఫున ప్రచారం చేశారు. కొన్ని రాష్ట్రాల్లో అభ్యర్థిని ఎంపిక చేసే ప్రైమరీలోనే ఏ పార్టీ బ్యాలెట్ కావాలంటే అది తీసుకోవచ్చు. మనకు అలాంటి ప్రైమరీలు లేవు. మన దగ్గర టికెట్ పార్టీ ఆఫీసులోనే తేలిపోతుంది.

## ఫలితాల తర్వాత

మా పేట ఎటు వేసిందో వాళ్లకు తెలిసిపోతుందా?

మీ ఒక్కరి ఓటు తెలియదు. కానీ బూత్ మొత్తం ఎవరికెన్ని పడ్డాయో ఫారం 20లో బయటికి వస్తుంది. పార్టీల వాళ్లు ఆ కాగితం పట్టుకునే "ఈ పేట మనకు వేయలేదు" అంటారు. బూత్‌ల ఓట్లు కలిపి లెక్కించే టోటలైజర్ వాడాలని 2015లో లా కమిషన్ సిఫార్సు చేసింది. అది ఇంకా అమలు కాలేదు. వస్తే మన జాలరిపేటల్లో, మురికివాడల్లో ఎంతోమంది హాయిగా ఊపిరి పీల్చుకుంటారు.

పార్టీ దాటి ఓటేసి గెలిపిస్తే, ఆయనే పార్టీ దాటేశారు. ఏం చేయగలం?

ఓటరుకు వెనక్కి పిలిచే హక్కు లేదు. పార్టీ ఫిర్యాదు చేస్తే స్పీకర్ విచారించాలి. 2019లో టీడీపీ నుంచి గెలిచిన దక్షిణ ఎమ్మెల్యే వాసుపల్లి గణేష్ కుమార్ 2020లో వైసీపీ పక్షాన చేరారు. స్పీకర్ అనర్హత నిర్ణయం వచ్చింది 2024 ఫిబ్రవరిలో, ఇంకో మూడు నెలల్లో ఎన్నికలనగా. ఇంత ఆలస్యం ఓటరుకు జరిగే అన్యాయమే. కాబట్టి మనిషిని చూసి వేసేటప్పుడు ఆ మనిషి ఇప్పటికి ఎన్ని పార్టీలు మారారో కూడా చూడండి.

ఎవరికి వేశానో ఇంట్లోవాళ్లకైనా చెప్పాలా?

అక్కర్లేదు. భార్యకు భర్తా, పిల్లలకు తండ్రీ నిర్దేశించే విషయం కాదిది. మా మావయ్య ఆ రోజు గులాబీ మిషన్ మీద చివరికి ఏది నొక్కారో అత్తయ్య చాలాసార్లు అడిగారు. "చీటీలో చూసుకున్నానే, నేను అనుకున్నదే పడింది" అంటారు. ఇప్పటికీ అంతకు మించి చెప్పలేదు.